కర్రను కాదు, ఖాళీ చేతిని చూడండి

నమస్కారం అండీ. ఇవాళ ఫిలిప్పీన్స్‌లోని సెబూకి వెళ్దాం. మన కర్రసాము చూసిన కళ్ళకి అక్కడి కర్ర మరీ పొట్టిగా కనిపిస్తుంది. మూరన్నర, అంతే! పేము కర్ర. బళ్ళో మాస్టారి బెత్తం గుర్తుందిగా? అదే జాతి, కాకపోతే ఇంకాస్త లావు. ఎన్ని దెబ్బలు తిన్నా పుటుక్కున విరగదు, పీచుపీచుగా రేగుతుంది.

ఈ విద్యని ఆర్నిస్ అంటారు, ఎస్క్రిమా అంటారు. ఆర్నిస్‌ని 2009లో చట్టం చేసి మరీ జాతీయ క్రీడని చేశారు. సరే, అది అలా ఉంచండి. నాకు ఇష్టమైంది మాత్రం ఒక గడియారాల రిపేరు షాపు పెరట్లో ఎదిగిన శైలి. ఆ షాపు ఉన్న వీధి పేరే దానికీ వచ్చింది: బాలింతావాక్. వెనాన్సియో బేకన్ అనే ఆయన 1950ల్లో మొదలుపెట్టారు. జంట కర్రలు, కర్రా కత్తీ అన్నీ పక్కన పెట్టేసి ఒక్క కర్రే ఉంచారు. అదీ చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో!

నేర్పే పద్ధతిని అగాక్ అంటారు. గురువు ఎదురుగా నిలబడి కొడుతుంటాడు, శిష్యుడు ఆపి తిరిగి కొట్టాలి. మొదట్లో పన్నెండు దెబ్బలు, వరసగా, మెల్లగా. హమ్మయ్య, వరస వచ్చేసింది అనుకున్న రోజే గురువు వరస తప్పిస్తాడు. అసలు చదువు అప్పుడు మొదలు.

ఇప్పుడు మా తమ్ముడితో చేసి చూపిస్తాను. కర్రలకి బదులు చుట్టిన న్యూస్‌పేపర్లు, నవ్వకండి. నేను తల మీదికి కొట్టాను. వాడు అడ్డం పెట్టాడు, బాగానే ఆపాడు. కానీ వాడి చూపు నా పేపర్ మీదే ఉంది. ఈలోగా నా ఎడమ చెయ్యి ఎక్కడుందో చూడండి. వాడి మణికట్టు మీద! కిందికి నొక్కేశాను. ఇప్పుడు ఎత్తరా చూద్దాం... ఎత్తలేడు. పేపర్ పట్టుకున్న నా కుడి చేతికి మాత్రం ఏ అడ్డూ లేదు, మళ్ళీ కొట్టొచ్చు. బాలింతావాక్‌లో సగం పని కర్ర లేని ఈ ఖాళీ చెయ్యిదే. నొక్కుతుంది, తోస్తుంది, లాగుతుంది.

గురువు దగ్గర ఇదంతా ఒక్కొక్కరికి విడివిడిగా జరుగుతుంది. ఎవరికి ఎంత వేగం, ఎంత గట్టిగా అన్నది ఆయన చేతిలోనే ఉంటుంది. నా చేతిలో లేదని ఇందాక రిహార్సల్లో తెలిసింది. మా వాడి కళ్ళజోడు సోఫా కిందికి పోయింది. ఆగండి, వెతుక్కుని వస్తాం.