తెల్ల అంచుల జపనీస్ మేపుల్ బెంగళూరులో బతుకుతుందా?

అందరికీ నమస్కారమండీ. ఈ మధ్య మీలో చాలామంది ఒకే రకం ఫోటో పంపిస్తున్నారు. పొట్టి చెట్టు, ఐదారు వేళ్లుగా చీలిన చిన్న ఆకులు, అంచుల్లో మీగడ తెలుపు, చిగుళ్ల మీద గులాబీ ఛాయ. "ఇది మా బాల్కనీలో వస్తుందా?" అని అడుగుతున్నారు. అది వేరిగేటెడ్ (అంటే ఆకుల్లో పచ్చతో పాటు ఇంకో రంగు కలిసిన) జపనీస్ మేపుల్. శాస్త్రీయ నామం ఏసర్ పాల్మేటమ్. ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది 'బటర్‌ఫ్లై' అనే రకం. 'ఉకిగుమో' అని తెల్ల చుక్కలు చల్లినట్టుండేది ఇంకోటి ఉంది.

సూటిగా చెప్పేస్తాను. బెంగళూరులో కొన్నాళ్లు బతుకుతుంది. ఏళ్ల తరబడి బాగుండాలంటే మాత్రం చాలా కష్టం. చెన్నై వాళ్లయితే డబ్బులు దాచుకోండి.

ఎండ వల్లే చచ్చిపోతుందని అందరూ అనుకుంటారు. ఎండ కొంతవరకే. అసలు లోటు చలి. ఈ చెట్టుకి ఏటా ఆకులు రాల్చి, రెండు మూడు నెలలు నిద్రపోయే అలవాటుంది. ఆ నిద్ర తీరాలంటే ఏడు డిగ్రీలూ అంతకంటే తక్కువ చలిలో వందల గంటలు గడవాలి. మన ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి డిసెంబర్‌లో లాల్‌బాగ్ వాకింగ్‌కి మంకీ క్యాప్ పెట్టుకుని వెళ్తాం. కానీ అప్పుడు కూడా రాత్రి ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఈ ఊళ్లో ఇప్పటివరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అంటే మన రికార్డు చలి కూడా మేపుల్‌కి సరిపోదు!

నిద్ర లేకపోతే ఏమవుతుంది? పాత ఆకులు రాలవు, కొమ్మకే ఎండి వేలాడతాయి. మొగ్గలు ఒక్కసారిగా విచ్చుకోకుండా ఇక్కడొకటి, అక్కడొకటి తెరుచుకుంటాయి. మట్టిలోని వేర్లలో దాచుకున్న పిండిపదార్థం తరిగిపోతూ వస్తుంది. ఏడాదికేడాది చిగురు పొట్టిదవుతుంది, కొమ్మలు చివర్ల నుంచి ఎండుతాయి. కొన్న కొత్తలో పచ్చగా కనిపించడం వెనుక ఎక్కడో చల్లని చోట పెరిగినప్పటి నిల్వ ఉంటుంది. అది చూసి మురిసిపోకండి.

ఇప్పుడు ఈ ఆకుని దగ్గరగా చూడండి, జూమ్ చేస్తున్నాను. ఈ ఒక్క వేలు మాత్రం పక్కకి వంగి ఉంది, కనిపిస్తోందా? పురుగు కొట్టిందేమో అనుకుంటాం. కాదండీ. తెలుపున్న వైపు పత్రహరితం ఉండదు, ఆ భాగం నెమ్మదిగా పెరుగుతుంది. పచ్చగా ఉన్న వైపు గబగబా పెరుగుతుంది. అందుకే వేలు తెల్ల వైపుకి వంగిపోతుంది. చెట్టు బలహీనత అంతా ఈ వంకరలోనే ఉంది. తెలుపు ఎంత అందంగా ఉంటే ఆహారం తయారుచేసే చోటు అంత తక్కువ, మధ్యాహ్నం ఎండకి అంత త్వరగా మాడుతుంది. అందుకే ఎప్పుడైనా పూర్తిగా పచ్చ ఆకులతో ఒక కొమ్మ జోరుగా లేస్తే ఉంచకండి, మొదలంటా కత్తిరించండి. ఉంచితే ఆ పచ్చ కొమ్మే చెట్టంతా కమ్మేస్తుంది.

విత్తనాల సంగతి. "నీలం మేపుల్, ఇంద్రధనుస్సు మేపుల్, ఇరవై గింజలు తొంభై తొమ్మిది రూపాయలు" అని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. నీలం ఆకుల మేపుల్ ప్రపంచంలోనే లేదు. నిజమైన మేపుల్ గింజలే దొరికినా, తడి ఇసుకలో కలిపి మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచితేగానీ మొలవవు. మొలిచినా తల్లి రంగులు రావు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి కాయని గ్యారంటీ లేదు కదా, ఇదీ అంతే. రకం నిలవాలంటే అంటు కట్టాల్సిందే. కొనేటప్పుడు కాండం కింది భాగంలో అంటు ముడి ఉందో లేదో చూడండి. ఆ ముడి కింద నుంచి వచ్చే చిగుళ్లని ఎప్పటికప్పుడు గిల్లేయాలి.

ఇంకో ప్రశ్న భలే ఉంది: "అమెరికా నుంచి మా బావగారు వస్తున్నారు, సూట్‌కేసులో తెప్పించుకోవచ్చా?" వద్దండీ. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఇంపోర్ట్ పర్మిట్, మొక్కకి తెగుళ్లు లేవని అక్కడి ప్రభుత్వమిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. పాపం, బావగారిని ఎయిర్‌పోర్టులో నిలబెట్టకండి.

సరే, ఇంత చెప్పినా మొక్క మీద మనసు పోలేదు అంటారా? అయితే కుండీలోనే పెట్టండి. తూర్పు బాల్కనీ మంచిది. ఉదయం ఎండ తగలాలి, పదకొండు దాటాక నీడ రావాలి. పూర్తి నీడలో పెడితే గులాబీ ఛాయ పోతుంది. మట్టి కొంచెం పులుపు వైపు ఉండాలి, నీరు నిలవకూడదు. ఒట్టి ఎర్రమట్టి పనికిరాదు. కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు), ముతక ఇసుక ఎక్కువ, వర్మికంపోస్ట్ తక్కువ. యూరియా జోలికి వెళ్లొద్దు. ఇక బోరు నీళ్లు ఈ మొక్కకి శత్రువు. ఉప్పు పేరుకుని ఆకు అంచులు గోధుమరంగులోకి మాడతాయి, మనం ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తాం. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే అన్నిటికంటే మేలు, లేదా కుళాయిలో వచ్చే కావేరీ నీళ్లు.

చలికి ఏం చేయాలి? వేడి దేశాల్లో బోన్సాయ్ పెంచేవాళ్లు కొందరు చిన్న కుండీని ఫ్రిజ్‌లో పెడతారు. ఆకులు రాలాక, మట్టిలో కొద్దిగా తడి ఉంచి, మూడు నుంచి ఐదు డిగ్రీల్లో సుమారు 1000 గంటలు, అంటే ఆరు వారాలు. యాపిల్ పళ్లున్న ఫ్రిజ్ మాత్రం వద్దు, వాటి నుంచి వచ్చే ఎథిలీన్ అనే వాయువు మొగ్గల్ని పాడుచేస్తుంది. పెరుగు గిన్నె పక్కన మట్టి కుండీ పెట్టడానికి ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారో మీ ఇష్టం!

నన్నడిగితే ఆ డబ్బుతో వేరిగేటెడ్ అబుటిలాన్ కొనుక్కోండి. లాల్‌బాగ్ పక్కనే ఉన్న సిద్దాపుర నర్సరీల వైపు వెళ్లినప్పుడు అడిగి చూడండి. మన పొలం గట్ల మీద మొలిచే తుత్తురుబెండకి చుట్టమే. ఆకు అచ్చం మేపుల్‌లాగే చీలి ఉంటుంది, అందుకే ఇంగ్లీషులో దీన్ని ఫ్లవరింగ్ మేపుల్ అంటారు. నారింజ రంగు గంట పూలు అదనం. బెంగళూరు వాతావరణం దీనికి చక్కగా సరిపోతుంది, చలి నిద్ర అక్కర్లేదు. 'థాంప్సనీ' అనే రకంలో ఆకుల మీద పసుపు మచ్చలు ఎందుకొస్తాయో తెలుసా? వైరస్ వల్ల! అబుటిలాన్ మొజాయిక్ వైరస్. మొక్క చావదు, ఆ మచ్చలకోసమే జనం కొంటారు. కాకపోతే ఈ జాతి వైరస్‌లు తెల్లదోమ ద్వారా పాకుతాయి కాబట్టి టెర్రస్ మీద బెండ, మందారం ఉన్నవాళ్లు దీన్ని వాటికి దూరంగా పెట్టండి. ఆకుల అడుగున తెల్లదోమ కనిపిస్తే సాయంత్రం పూట వేపనూనె కొట్టండి. జూన్‌లో వానలు మొదలయ్యాక జానెడు కొమ్మ తెచ్చి నాటుకున్నా వేరు పడుతుంది.