ఏసీ ఆగిన రోజున నిర్ణయం వద్దు

(తిరుపతిలో కళాశాలల, ఆసుపత్రుల కంప్యూటర్ విభాగాల సిబ్బంది ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి నాకున్న దురలవాటే ఉంటుందని అనుకుంటున్నాను. సెలవు రోజున భోజనానికి కూర్చున్నా ఫోను పళ్ళెం పక్కనే ఉంటుంది. సర్వర్ల మీద నాకు అనుమానం లేదు, పాపం అవి మంచివే. వాటిని చల్లగా ఉంచాల్సిన ఏసీ మీదే నమ్మకం లేదు.

కొన్నేళ్ళ కిందట మే నెల, శనివారం మధ్యాహ్నం. కాపలాదారు ఫోను చేశాడు. "సార్, కంప్యూటర్ గదిలో ఏదో కుయ్యిమంటోంది. తలుపు ముట్టుకుంటే వెచ్చగా ఉంది" అన్నాడు. నేను వెళ్ళేసరికి లోపల 41 డిగ్రీలు. రెండు సర్వర్లు తమంతట తామే ఆగిపోయాయి. మిగిలిన వాటి ఫ్యాన్లు చెవులు చిల్లులు పడేలా తిరుగుతున్నాయి. మిద్దె ఎక్కి చూస్తే ఏసీ బయటి యూనిట్‌లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కంప్రెసర్ మాత్రం కాసేపటికోసారి ఒక్క మూలుగు మూలిగి టక్కున ఆగిపోతోంది.

మెకానిక్ వచ్చాడు. పై మూత కూడా తీయకుండా, "కంప్రెసర్ పోయింది సార్, తొమ్మిదేళ్ళ యంత్రం. దీనికి పెట్టే డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది" అన్నాడు. ఆ వేడిలో, పైవాళ్ళ ఫోన్ల మధ్య నేను సరేనన్నాను. సోమవారానికి పక్కనే కొత్తది బిగించారు. పాతదాన్ని దించి తుక్కు కింద తీసుకుపోతానన్నాడు. ఎందుకో మనసొప్పలేదు, ఉండనీ అన్నాను.

మరుసటి వారం మా ప్రయోగశాల సహాయకుడు, చేతి పని తెలిసిన పెద్దాయన, తోచక దాని మూత విప్పాడు. లోపల చిన్న అల్యూమినియం డబ్బాలా ఉండే కెపాసిటర్ పైభాగం పూరీలా ఉబ్బి ఉంది. దాని మీద 50 మైక్రోఫారడ్ అని రాసి ఉంది. మీటరు పెడితే 31 చూపించింది. కంప్రెసర్‌కు మొదట్లో కావాల్సిన తోపు ఇచ్చేది అదే. కొన్ని వందల రూపాయల వస్తువు. అది మార్చి స్విచ్ వేయగానే, చచ్చిందన్న కంప్రెసర్ నిద్ర లేచినట్టు అందుకుంది. పెద్దాయన నా వైపు చూసి ఏమీ అనలేదు. అంతకంటే ఏమైనా అనుంటేనే బాగుండేది.

గది కాలిపోతూ ఉండగా బేరానికి కూర్చోవడం నా తప్పు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదిలో గాలి బరువు సుమారు 40 కిలోలు. నాలుగు కిలోవాట్ల సర్వర్లు ఆ గాలిని మాత్రమే వేడి చేస్తే, ఒక్కో డిగ్రీ పెరగడానికి పది సెకన్లు చాలు. గోడలు, ఇనుప ర్యాకులు కొంత వేడిని మింగుతాయి కాబట్టి నిజంలో అంత వేగం ఉండదు. అయినా మన చేతిలో ఉండేది నిమిషాలే. నిమిషాల్లో తీసుకునే నిర్ణయానికి మెకానిక్ చెప్పిందే వేదం అవుతుంది.

కథ అక్కడితో అయిపోలేదు. కొత్త ఏసీ కెపాసిటర్ కూడా రెండో వేసవిలో అచ్చం అలాగే ఉబ్బింది. అప్పుడు గాని నాకు బుర్ర వెలగలేదు. బయటి యూనిట్లు పడమటి గోడను ఆనుకుని ఉన్నాయి. ఎండ తగలకూడదని ఎవరో దయగలవారు వాటి మీద రేకుల చూరు దించి, మూడు వైపులా మూసేశారు. యూనిట్ వదిలే వేడి గాలి ఆ రేకుకు కొట్టుకుని మళ్ళీ దాని నోట్లోకే వెళుతోంది. మార్కెట్లో రెండు టన్నులని అమ్మే ఏసీ ఆ సామర్థ్యాన్ని చూపేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మన ఊళ్ళో మధ్యాహ్నం మూడింటికి, ఆ రేకుల గూట్లో ఎంత ఉంటుందో మీరే ఊహించండి. వేడి కెపాసిటర్‌కు ఆయుక్షీణం. రేకు తీయించి, యూనిట్లను గోడకు దూరంగా జరిపించి, పైన ఎత్తులో గాలి ఆడేలా నీడ వేయించాం. ఆ తరువాత కెపాసిటర్ మార్చే పని రాలేదు.

అందుకే బాగుచేయించాలా, మార్చాలా అని నన్ను ఎవరైనా అడిగితే, అది ఎందుకు ఆగిందని ముందు అడుగుతాను. కారణం తెలియకుండా కొత్తది తెచ్చి అదే చోట పెడితే, అది కూడా అదే చావు చస్తుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆధునిక ఏసీకి ఆద్యుడని చెప్పే విల్లిస్ క్యారియర్ 1902లో మొదటి యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు, న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు యంత్రాలయం కోసం. గాలిలో తేమ మారితే కాగితం సాగి ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. అలా పనిశాల కోసం పుట్టిన వస్తువు పడకగదికి చేరింది. మనం ఆ పడకగది వస్తువును తెచ్చి మళ్ళీ యంత్రాల గదిలో పెడుతున్నాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

పడకగది ఏసీ తన శక్తిలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గాలిలోని తేమను పిండడానికి ఖర్చు చేసేలా తయారవుతుంది. మనుషులకు చెమట పడుతుంది కాబట్టి అది అవసరం. సర్వర్లకు చెమట పట్టదు, వాటిది పొడి వేడి. ఒక టన్ను అంటే మూడున్నర కిలోవాట్లు. రెండు టన్నులంటే ఏడు. అందులో పొడి వేడిని తీసే వాటా సుమారు ఐదు కిలోవాట్లే అనుకోండి. ఇప్పుడు మీ యూపీఎస్ దగ్గరకు వెళ్ళి తెర మీద ఎన్ని కిలోవాట్లు చూపుతోందో రాసుకోండి. సర్వర్ తినే కరెంటంతా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. యూపీఎస్ అదే గదిలో ఉంటే దాని వేడి కూడా కలపండి. మొత్తం నాలుగున్నర దాటిందంటే, మన వేసవికి ఆ రెండు టన్నుల ఏసీ చాలదు. అలాంటప్పుడు తరచూ పాడైపోతోందని దాన్ని తిట్టడం, ఒంటెద్దుతో బండెడు బరువు లాగించి ఎద్దును తిట్టడమే. ఇక్కడ రిపేరు దండగ. అదే సైజు కొత్తదీ దండగే.

గంటల లెక్క కూడా చూడాలి. ఇంట్లో ఏసీ రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 200 రోజులు వాడితే 1,600 గంటలు. సర్వర్ గదిలో ఏడాదికి 8,760. అంటే ఇంటి లెక్కలో మన ఏసీకి ఏటా ఐదేళ్ళకు పైగా వయసు పెరుగుతుంది. "ఐదేళ్ళేగా అయింది" అనే మాట ఈ గదిలో చెల్లదు.

గ్యాసు దగ్గర చాలామంది మోసపోతారు. గ్యాసు పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఏటా వేసవి ముందు గ్యాసు నింపించుకుంటున్నామని ఎవరైనా చెబితే, చిల్లు కుండలో నీళ్ళు పోయడానికి ఏటా కూలి ఇస్తున్నట్టే. గొట్టం చివర బిగింపు దగ్గర కారుతుంటే బిగించి, నైట్రోజన్‌తో పరీక్షించి, వాక్యూమ్ చేసి నింపితే సరిపోతుంది. గ్యాసు తిరిగే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, తుప్పు పట్టి పలుచోట్ల కారుతుంటే మాత్రం ఆలోచించాలి. అందులోనూ అది ఆర్-22 గ్యాసు యంత్రమైతే నేను ఒక్క రూపాయి కూడా పెట్టను. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద ఆ గ్యాసు వాడకం తగ్గుతూ వస్తోంది, 2030 నాటికి దాదాపు పూర్తిగా పోవాలి. దొరకడం తగ్గే కొద్దీ ధర పెరిగే సరుకు అది. దాని బదులు ఆర్-410ఏ అనే మరో గ్యాసు నింపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాని ఒత్తిడి ఆర్-22 ఒత్తిడికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పాత కంప్రెసర్, పాత కాయిల్ దానికి తట్టుకునేలా చేసినవి కావు.

కంప్రెసర్ నిజంగానే కాలిపోతే, అంటే కరెంటు లీకును పట్టే మెగ్గర్ అనే మీటరు పెట్టి చూసినప్పుడు లోపలి మోటారు తీగచుట్ట (వైండింగ్) బాడీకి తగిలినట్టు తేలితే, లోపలి నూనె మాడి గొట్టాల్లో ఆమ్లం మిగులుతుంది. గొట్టాలు కడిగి, గ్యాసులోని తేమను, మురికిని పట్టే ఫిల్టర్ డ్రయర్ మార్చకుండా కొత్త కంప్రెసర్ పెడితే దాన్నీ ఆ ఆమ్లం తినేస్తుంది. ఈ పని ఓపికగా చేసే మెకానిక్ దొరికితే, యంత్రం వయసు నాలుగేళ్ళ లోపైతే, చేయించండి. లేదంటే మార్చండి. కరెంటు ఆదాను చూపే స్టార్ రేటింగు నక్షత్రాల సంగతి నేను ఎక్కువ చెప్పను. పాతది ఎంత కరెంటు లాగుతుందో, కొత్తది ఎంత లాగుతుందో తేడా చూసి, గంటలతో, మీ బిల్లులోని యూనిట్ ధరతో హెచ్చవేసుకుంటే తేలిపోతుంది. ఏడాదంతా తిరిగే యంత్రం కాబట్టి ఆ తేడా ఇంట్లో కంటే ఇక్కడ చాలా పెద్దది.

సరే, నేను ఎటు మొగ్గుతానంటారా? కాయిల్, కంప్రెసర్ బాగున్నంతవరకు పాతదాన్ని బాగుచేయిస్తాను. దాంతోపాటు కొత్తదీ కొనిపిస్తాను. పైవాళ్ళకు ఇది నచ్చదని తెలుసు, రెండు ఖర్చులేమిటంటారు. ఒకే ఏసీ ఉన్న సర్వర్ గది ఒంటి స్తంభం మేడ అని వాళ్ళకు చెప్పండి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున మన ఊళ్ళో మెకానిక్‌ను పిలిచి చూశారా? నేను పిలిచాను. ఆయన పాపం రాను అనలేదు, బండి కదిలే దారే లేదు. ఆ రాత్రి తలుపు తీసిపెట్టి, స్టాండు ఫ్యాన్లు పెట్టుకుని కూర్చున్నాను. దూరం నుంచి మేళతాళాలు వినబడుతూనే ఉన్నాయి.

కొత్తది కొనేటప్పుడు కరెంటు పోయి వచ్చాక దానంతట అదే మొదలవుతుందో లేదో అడగండి. సర్వర్లను యూపీఎస్ కాపాడుతుంది, ఏసీని కాపాడదు. ఆదివారం గాలివానకు కరెంటు పోయి అరగంటలో వచ్చినా, ఏసీ మాత్రం ఎవరో వచ్చి రిమోట్ నొక్కేదాకా నోరు మూసుకుని ఉంటే ఏం లాభం? దుకాణంలో అడిగి ఊరుకోకండి, బిగించిన రోజే మెయిన్ స్విచ్ దించి వేసి చూడండి. లోపలి యూనిట్‌ను ర్యాకు నెత్తిన మాత్రం పెట్టనివ్వకండి. నీటి గొట్టం పూడుకున్న రోజున అభిషేకం సర్వర్లకే. అలాగే 16 డిగ్రీలకు పెట్టడం మానండి. సర్వర్ ముఖం దగ్గర గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణం చెబుతోంది. మేము 24 దగ్గర ఉంచుతాం. కాయిల్ మీద మంచు గడ్డకట్టడం అప్పటి నుంచి ఆగింది.

పెద్దాయన బతికించిన ఆ పాత ఏసీ ఇప్పటికీ పనిచేస్తోంది. రెండింటినీ వారం వారం మారుస్తాం. సోమవారం పొద్దున మొదట వచ్చినవారు ఒకటి ఆపి రెండోది వేసి, తలుపు వెనక వేలాడే నోటుపుస్తకంలో తేదీ, గది వేడి, యూపీఎస్ మీద కనబడిన కిలోవాట్లు రాయాలి. ఆ పుస్తకం తెచ్చాను, ఈ బల్ల మీద ఉంది. ప్రశ్నలు అడిగే ముందు ఒకసారి తిరగేయండి.