రాజుగారి పథ్యం

తమ్ముడు: ముందే చెప్తున్నా, భోజనం చేస్తూ వినేవాళ్లు కాసేపు ఆపేయండి.

అక్క: తిన్నవాళ్లు కూడా అరిగాకే రండి. సింహహృదయుడు రిచర్డ్, ఇంగ్లండ్ రాజు, 1191లో క్రూసేడ్‌కని, అంటే ముస్లింల మీద క్రైస్తవుల మతయుద్ధానికని, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న ఏకర్ వెళ్లి నిజంగానే మంచాన పడ్డాడు. ఆయన పోయిన ఓ వందేళ్లకి ఇంగ్లిష్‌లో ఆయన మీద ఒక పద్యకథ వచ్చింది. అందులో నోరు చప్పబడిన రాజుకి పంది మాంసం మీద మనసవుతుంది.

తమ్ముడు: ముస్లింల దేశంలో పంది మాంసమా అక్కా!

అక్క: అదే చిక్కు. ఓ ముసలి యోధుడు ఉపాయం చెప్తాడు. కండపట్టిన ఓ కుర్ర ముస్లింని కోసి, తోలు ఒలిచి, మసాలాలూ కుంకుమపువ్వూ వేసి ఉడికించమని. రాజు ఎముకలతో సహా చీకేసి, చెమట పట్టేలా నిద్రపోతాడు. లేచేసరికి రోగం మాయం.

తమ్ముడు: పోనీ, తెలియక తిన్నాడులే.

అక్క: ఆగరా. యుద్ధం చేసొచ్చి, ఆ పంది తలకాయ తెమ్మంటాడు. తేకపోతే నీ తల తీస్తానంటాడు. వంటవాడు వణుకుతూ పట్టుకొచ్చి మోకాళ్ల మీద పడతాడు. నల్లటి గడ్డం, ఇకిలించిన తెల్లటి పళ్లు. రాజు పగలబడి నవ్వుతాడు! ఇంత రుచిగా ఉంటే ఇక మనకి ఆకలి చావుల్లేవు అంటాడు.

తమ్ముడు: మన బకాసురుడే నయం, బండెడు అన్నం కూడా అడిగాడు.

అక్క: వాడు రాక్షసుడు. ఇక్కడ తినేది హీరో. మనుషుల్ని తింటారనేది మామూలుగా అవతలివాళ్ల మీద వేసే నింద కదా, సొంత రాజుకి ఎందుకు అంటగట్టారు? 1098లో సిరియాలోని మఅర్రా దగ్గర క్రూసేడర్లు ఆకలికి తాళలేక శవాల్ని తిన్నారని వాళ్లవైపు చరిత్రకారులే రాశారు. ఆ సిగ్గునే ఇలా జోకుగా మార్చుకున్నారని జెరాల్డిన్ హెంగ్ అనే పరిశోధకురాలి వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

తమ్ముడు: అంతటితో ఆగాడా?

అక్క: ఎక్కడ! బందీల్ని విడిపించుకోడానికి ముస్లింల సుల్తాను సలాదిన్ రాయబారులు వస్తారు. విందులో ఒక్కొక్కరి ముందూ వేడివేడిగా ఒక తల, నుదుటి మీద పేరు రాసిన చీటీ. చూస్తే తమవాళ్లే! రాజు మాత్రం కత్తితో కోసుకుని తింటుంటాడు.

తమ్ముడు: అచ్చం ఇల్వలుడే.

అక్క: ఇల్వలుడైనా పొట్టేలు మాంసమని అబద్ధమాడాడు. ఈయన పేర్లు రాసి మరీ వడ్డించాడు. విందు కల్పనే గానీ, ఏకర్ లొంగిపోయాక అసలు రిచర్డ్ సుమారు 2,700 మంది బందీల్ని చంపించింది మాత్రం నిజం.

తమ్ముడు: ఇలాంటిది జనం చదివారా?

అక్క: 1509లో అచ్చేశారు. 1528లో మళ్లీ వేశారు.