స్టార్ట్ లైన్ దగ్గర కడుపులో తిప్పుతుంటే

అందరికీ నమస్కారం. రేపటి పరుగుకి బిబ్ నంబరు (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం), టీషర్టు చేతికొచ్చాక ఎవరికైనా త్వరగా ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంటుంది. అలాంటి మిమ్మల్ని ఆపి నన్ను మాట్లాడమన్నారు. ఈ రాత్రి మీకు నిద్ర సరిగా పట్టదని నాకు తెలుసు కాబట్టి, మొహమాటపడకుండా ఓ పది నిమిషాలు తీసుకుంటాను.

నా మొదటి హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) రోజు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చున్నాను. బిబ్‌ని టీషర్టుకి పిన్నులతో పెట్టుకున్నాను. వంకరగా ఉందనిపించింది. తీసి మళ్ళీ పెట్టాను. మూడోసారి పిన్ను వేలికి గుచ్చుకుని టీషర్టు మీద చిన్న రక్తపు చుక్క పడింది. తీరా అక్కడికి వెళ్ళాక టాయిలెట్ క్యూలో రెండుసార్లు నిలబడ్డాను. రెండోసారి నా వంతు వచ్చేసరికి మైకులో పది, తొమ్మిది, ఎనిమిది అంటూ లెక్క మొదలైపోయింది. దింపడానికి వచ్చిన మా తమ్ముడు ఇదంతా చూసి, "అంత భయమైతే డబ్బులు కట్టి మరీ పరిగెత్తడం దేనికక్కా?" అన్నాడు. వాడికి అప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడైతే మారథాన్ రన్నర్ మాలీ సైడెల్ కథ చెప్తాను.

మాలీ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం అమ్మాయి. 1994లో పుట్టింది. నోటర్ డామ్ యూనివర్సిటీలో చదువుతూ 2015లో అమెరికా కాలేజీల క్రాస్ కంట్రీ (మైదానాలు, గుట్టల మీదుగా సాగే పరుగు) ఛాంపియన్ అయింది. బయటినుంచి చూసేవాళ్ళకి అంతా బ్రహ్మాండం. లోపల మాత్రం తిండికి సంబంధించిన మానసిక సమస్య, దానికి తోడు ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే జబ్బు). 2016లో రియో ఒలింపిక్స్ సెలక్షన్ పోటీల్లో పరిగెత్తే అవకాశం ఉండి కూడా, వాటిని వదులుకుని చికిత్సకు వెళ్ళింది. ఈ సంగతి తర్వాత తనే బయటపెట్టింది.

ఇక్కడ ఒక్క మాట. పోటీకి ముందు మనకొచ్చే టెన్షన్ వేరు, ఆ అమ్మాయికున్నది వేరు. రెంటినీ ఒకే గాట కట్టి "భయాన్ని జయించిన వీరవనిత" అని రాసేస్తుంటారు. నాకది చిరాకు. జబ్బుకి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, ఆమె వెళ్ళింది. మిగిలిన మామూలు భయం మాత్రం ఆమెని వదిలిపోలేదు. మనం మాట్లాడుకోవలసింది దాని గురించి.

2020 ఫిబ్రవరి 29. అట్లాంటాలో టోక్యో ఒలింపిక్స్ మారథాన్ సెలక్షన్. మొదటి ముగ్గురికే టికెట్. మాలీ అప్పటికి ఒక్క మారథాన్ కూడా పరిగెత్తలేదు. హాఫ్ మారథాన్ టైమింగుతో అర్హత సంపాదించి, 42 కిలోమీటర్ల పరుగు ఎలా ఉంటుందో మొట్టమొదటిసారి అక్కడే చూడబోతోంది. అంతకుముందు దాకా బోస్టన్‌లో కాఫీ షాపులో పనిచేస్తూ, పిల్లల్ని చూసుకునే పని కూడా చేస్తూ నెట్టుకొచ్చిన మనిషి. పక్కన నిలబడ్డవాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి మారథాన్లలో నలిగినవాళ్ళు. రోడ్డంతా ఎత్తుపల్లాలు, పైగా ఈదురుగాలి. పిలవని పేరంటానికి వచ్చినట్టు అనిపించదూ?

ఆమె చేసిందల్లా గుంపులో కలిసిపోవడం. తొందరపడి ముందుకు దూకలేదు. 32 కిలోమీటర్లు దాటాక, అలీఫీన్ తులియాముక్‌తో కలిసి గుంపు నుంచి విడిపడింది. అలీఫీన్ 2 గంటల 27 నిమిషాల 23 సెకన్లలో గెలిచింది. మాలీ 8 సెకన్ల వెనక రెండో స్థానం. మొదటి మారథాన్‌తోనే ఒలింపిక్స్ జట్టు!

ఆ గుంపులో కలిసిపోవడం దగ్గర కాస్త ఆగుదాం. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగం పెరిగి రక్తం కండరాలకి మళ్ళుతుంది, అరుగుదల మందగిస్తుంది. కడుపులో తిప్పడం అందుకే. మాటిమాటికీ టాయిలెట్‌కి పరిగెత్తడం కూడా ఆ భయం పనే. చిత్రమేమిటంటే పరుగు మొదలయ్యాక కూడా ఒంట్లో జరిగేది ఇంచుమించు ఇదే. అంటే ఒంటికి కబురు ముందే అందేసింది, పరుగు మొదలవడమే ఆలస్యం. అయితే ఈ అడ్రినలిన్‌తో ఒక చిక్కుంది. మొదటి రెండు కిలోమీటర్లు మనల్ని గాల్లో తేలుస్తుంది. పరుగు వేగం పెరిగినట్టే తెలియదు. కండరాల్లో ఇంధనంలా దాచుకున్న గ్లైకోజెన్‌ని అవసరానికి మించి అక్కడే తగలేసుకుంటాం. దాని బిల్లు ఆఖరి కిలోమీటర్లలో వస్తుంది. మనలాంటి వాళ్ళని ముంచేది భయం కాదండీ, భయం పుట్టించిన ఆ మొదటి కిలోమీటరు. గుంపులో కలిసిపోయి మాలీ తప్పించుకుంది దాన్నే.

తర్వాత కరోనా వచ్చి ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. ఆ మధ్యలో, 2020 అక్టోబరులో, జనం లేని లండన్ మారథాన్‌లో మాలీ 2:25:13తో ఆరో స్థానంలో వచ్చింది.

ఇక 2021 ఆగస్టు 7. టోక్యోలో ఎండలెక్కువని మారథాన్‌ని ఉత్తరాన ఉన్న సప్పోరోకి మార్చారు. అక్కడా ఎండే! ఏడింటికి మొదలవ్వాల్సిన మహిళల పోటీని ఆరింటికి జరిపారు. ఆ కబురు అంతకుముందు రోజు సాయంత్రం చెప్పారు. నాకైతే ఒలింపిక్స్ అక్కర్లేదు, మా కాలనీ 5కే (5 కిలోమీటర్ల పరుగు) గంట ముందుకి జరిపారంటేనే ఆ రాత్రి జాగరణ.

ఎండకి జడిసి అందరూ నెమ్మదిగా మొదలుపెట్టారు. సగం దూరానికి 75 నిమిషాల పైనే పట్టింది. మాలీ ముందు గుంపులోనే ఉంది. ఒక్కొక్కరే రాలిపోతున్నారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ రూత్ చెప్‌న్గెటిచ్ కూడా మధ్యలో ఆగిపోయింది. చివరికి నలుగురు మిగిలారు. కెన్యా నుంచి పెరెస్ జెప్‌చిర్‌చిర్, బ్రిజిడ్ కోస్గే. ఇజ్రాయెల్ నుంచి లోనా సాల్పీటర్. నాలుగోది మాలీ. అప్పటికి మహిళల మారథాన్ ప్రపంచ రికార్డు కోస్గేదే. ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా సాల్పీటర్ ఉన్నట్టుండి నడకలోకి దిగింది. మాలీ 2:27:46తో కాంస్యం అందుకుంది. స్వర్ణం గెలిచిన జెప్‌చిర్‌చిర్‌కి 26 సెకన్ల వెనక. అది మాలీకి మూడో మారథాన్, అంతే. 1984లో జోన్ బెనాయిట్, 2004లో డీనా కాస్టర్ తర్వాత ఒలింపిక్ మారథాన్‌లో పతకం తెచ్చిన మూడో అమెరికన్ మహిళ. గెలిచాక టీవీలో ఇంటివాళ్ళతో కలిపితే, నా పేరు చెప్పి ఓ బీరు తాగండని అరిచింది.

ఇంతటితో భయం పోయి ఉంటుందనుకుంటాం కదా? పోలేదు. పతకం వచ్చాక తాను దీనికి అర్హురాలినేనా అన్న అనుమానం ఇంకా పెరిగింది, ఆ సంగతీ ఆమే చెప్పుకుంది. అదే ఏడాది నవంబరులో, రెండు పక్కటెముకలు విరిగి ఉండగా న్యూయార్క్‌లో 2:24:42తో నాలుగో స్థానంలో వచ్చింది. (విరిగిన ఎముకలతో పరిగెత్తమని నేను చెప్పట్లేదు. మా డాక్టరుగారు వెనక వరసలో కూర్చున్నారు.) 2022 బోస్టన్‌లో మధ్యలోనే ఆగిపోయింది. 2023 చికాగోలో 2:23:07, తన అత్యుత్తమ సమయం.

మా తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇదే. భయం పోయాక పరిగెత్తుదామని కూర్చుంటే మాలీ అట్లాంటాకే వెళ్ళేది కాదు.

సరే, రేపటి సంగతికొద్దాం. బిబ్ ఈ రాత్రే పెట్టుకోండి, వంకరగా ఉన్నా వదిలేయండి. కొత్త షూలు వద్దు, పొద్దున్నే కొత్త తిండి అసలే వద్దు. మొదటి రెండు కిలోమీటర్లు పక్కవాళ్ళతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా వెళ్ళండి. ఎవరు దాటిపోయినా పోనివ్వండి. నేను నాలుగున్నరకల్లా అక్కడుంటాను. ఎక్కడని వెతక్కండి, టాయిలెట్ క్యూలో ఉంటాను.