సంచిలో వేసే ముందు చూడండి

మైపాడులో చేపల వేటకెళ్ళే అన్నలకి, అక్కలకి, నెల్లూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కాలేజీ పిల్లలకి నమస్కారం. ఎండ ఎక్కేలోపు పని మొదలవ్వాలి కాబట్టి సూటిగా చెప్తాను.

సముద్రం ఒడ్డు శుభ్రం చేయడానికి చాలామంది వస్తారు, బస్తాలు నింపుతారు, ఫోటోలు దిగి వెళ్తారు. మంచిదే. కానీ ఆ బస్తాలో ఏముందో ఎవరూ చూడకపోతే వచ్చే నెల మళ్ళీ అదే చెత్త వచ్చి పడుతుంది. ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తేనే కదా ఎవరిని అడగాలో తెలిసేది.

పోటు వెనక్కి పోయాక ఇసుక మీద నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా మిగులుతాయి. అక్కడ కూర్చుని చూడండి, నిలబడి చూస్తే సగం కనపడవు. సీసాల కంటే మూతలే ఎక్కువ దొరకొచ్చు. దానికి కారణం ఉంది. నీళ్ళ సీసా పెట్ ప్లాస్టిక్, అది నీటికంటే బరువు, మూత ఊడి లోపల నీళ్ళు నిండితే అడుక్కి పోతుంది. మూత మాత్రం పాలిథీన్‌తోనో పాలీప్రొపిలీన్‌తోనో చేసింది కాబట్టి తేలుతూ ఒడ్డుకి వస్తుంది. అనుమానమొస్తే ముక్కని బక్కెట్లో మంచినీళ్ళలో వేసి లోపలికి ముంచి వదలండి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ పైకి తేలతాయి, నైలాన్, పెట్, పీవీసీ మునుగుతాయి. కాల్చి వాసన చూసే పని మాత్రం వద్దు, పీవీసీ పొగ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

చిన్న చిన్న త్రికోణాలు కనపడితే వదిలేయకండి. పాల ప్యాకెట్ మూల కత్తిరించి పడేస్తామే, అవే. ఇంటి ముందు కాలవలో పడ్డది వాన నీటితో పెన్నలోకి, అక్కణ్ణుంచి ఇక్కడికి రాగలదు. ప్యాకెట్ మీద తారీఖు, బ్యాచ్ నంబరు చెరగకుండా ఉంటే రాసుకోండి. బార్‌కోడ్ 890తో మొదలైతే నంబరు మన దేశంలో తీసుకున్నది, 479 అయితే శ్రీలంక, 885 థాయిలాండ్, 955 మలేషియా. అది కంపెనీ ఆ నంబరు ఏ దేశంలో తీసుకుందో చెప్తుంది గానీ, వస్తువు ఎక్కడ తయారైందో, ఎవరు పారేశారో చెప్పదు. ఆ తేడా మర్చిపోవద్దు.

వస్తువు మీద మెత్తటి కాడ, దాని చివర తెల్లటి చిప్ప ఉన్న జీవులు గుత్తులుగా అతుక్కుని ఉంటే, అది కొన్ని వారాలైనా సముద్రంలో తిరిగి వచ్చిందని అర్థం. మీరు వేటకెళ్ళినప్పుడు తేలే దుంగలకి చూసే ఉంటారు. అవేమీ లేకుండా రంగు తాజాగా ఉంటే దగ్గర్లోదే అయ్యుండొచ్చు. కాలాన్ని కూడా చూడాలి: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఉత్తరానికి ఉంటుంది. ఇప్పుడు ఫిబ్రవరి కాబట్టి దక్షిణం వైపు నుంచి చెత్త రావచ్చు.

ఇక నాకు అన్నిటికంటే భయం పుట్టించేవి సగ్గుబియ్యంలా ఉండే తెల్లటి గుళికలు. చాలా ప్లాస్టిక్ వస్తువులకి ముడిసరుకు అవే, 2 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటాయి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్-ప్రెస్ పర్ల్ ఓడ కాలిపోయినప్పుడు సుమారు 1,680 టన్నుల గుళికలు సముద్రంలో కలిశాయి. 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ మునిగాక తిరువనంతపురం, కన్యాకుమారి తీరాలకు ఇవే కొట్టుకొచ్చాయి. చేప గుడ్డయితే గోటితో నొక్కగానే చితుకుతుంది, ఇది చితకదు. ఒకేచోట చాలా కనపడితే ఏరకముందే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి, చోటు గుర్తుపెట్టుకోండి. ఎక్కడో కంటెయినర్ పడిందని ముందు తెలిసేది అలాగే.

వలల సంగతి మీకు నేను చెప్పేదేం లేదు. ఏ కన్ను వల ఏ చేపకి వాడతారో, ఏ తాడు ఏ ఊరి పడవలదో చూడగానే చెప్పగలిగేది మీరే, పిల్లలకి మీరే చూపించండి. తప్పెవరిదని తేల్చడానికి అడగట్లేదు, పాత వలలు ఒడ్డుమీదే ఇచ్చేసే చోటు ఎక్కడ పెట్టమని అడగాలో తెలియాలి కాబట్టి అడుగుతున్నాను. రొయ్యల మేత బస్తాలూ అంతే, విడిగా పోగేయండి.

ఇది తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఇసుకలో కూరుకుపోయిన వలని బలంగా లాగొద్దు, తవ్వొద్దు, పైకున్నంత వరకు కోసి తీయండి. నలుగురు నలుగురుగా విడిపోండి, ఒకరు రాయాలి, ముగ్గురు ఏరాలి. ఎనిమిదిన్నరకి మళ్ళీ ఇక్కడే పోగులు పోసి లెక్క చూద్దాం.