నా ఫియెస్టాని మళ్ళీ కంపెనీ ఫిట్టింగ్‌కి తెచ్చాను

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. పొద్దున ఐదుంపావు అయింది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి గ్యారేజీలో ఉన్నాను. వెనక సీట్లు మడిచేసి నాలుగు చక్రాలు, జాకీ, టార్క్ రెంచి, గాలి మీటరు, హెల్మెట్ అన్నీ సర్దేశాను. పులిహోర డబ్బా మాత్రం ముందు సీటులో, మా వారి ఒళ్ళో. ఈ రోజు ఆటోక్రాస్ అనే కార్ల పోటీ ఉంది. "కారుకి ఏమేం చేయించారు?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే కొత్తగా పెట్టించిన వాటికంటే విప్పి అవతల పెట్టినవే ఎక్కువ. ఆ సంగతే దారిలో చెబుతాను.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ లాట్‌లో నారింజ రంగు కోన్లు పెట్టి మలుపుల దారి ఒకటి తయారుచేస్తారు. పక్కపక్కన పరుగులేమీ ఉండవు. ఒక్కో కారు విడిగా వెళ్తుంది, పోటీ అంతా గడియారంతోనే. మా దగ్గర ఒక రన్‌కి నిమిషం అటూ ఇటూ పడుతుంది, దాదాపు మొత్తం సెకండ్ గేర్‌లోనే అయిపోతుంది. ప్రతి కోన్ చుట్టూ సుద్దతో గడి గీసి ఉంటుంది. కోన్ పడిపోయినా, గడి దాటి పూర్తిగా బయటికి జరిగినా మన టైముకి 2 సెకన్లు కలుస్తాయి. గేటు, అంటే కోన్ల మధ్య దాటాల్సిన సందు, తప్పితే ఆ రన్ లెక్కలోకే రాదు. అమెరికాలో దీన్ని నడిపే పెద్ద సంస్థ ఎస్‌సీసీఏ, అంటే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1944లో మొదలైంది. వాళ్ళు ఈ పోటీని సోలో అంటారు. జాతీయ పోటీలు నెబ్రాస్కాలోని లింకన్‌లో జరుగుతాయి. ఎప్పటికైనా అక్కడికి వెళ్ళాలని నా కోరిక.

నా కారు 2016 ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీ. మన దగ్గర ఫియెస్టా అంటే డిక్కీ ఉన్న కారే గుర్తొస్తుంది కదా, ఇది హ్యాచ్‌బ్యాక్. 1.6 లీటర్ల టర్బో, 197 హార్స్‌పవర్, ఆరు గేర్లు, మాన్యువల్ మాత్రమే. మన దేశానికి రాలేదు ఇది. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనరు దీన్ని ముద్దుగా చూసుకున్నాడు. కిందికి దించే పొట్టి స్ప్రింగులు, ఇంజన్‌కి గాలి లాగే కొత్త పైపు, ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చే ట్యూన్ అన్నీ చేయించాడు. చూడ్డానికి భలే ఉండేది. ఆ కారుతోనే మొదటి ఈవెంట్‌కి వెళ్ళి, ఫారంలో క్లాసు, అంటే పోటీ వర్గం, దగ్గర హెచ్ స్ట్రీట్ అని రాశాను. ఫియెస్టా ఎస్‌టీ ఉండేది ఆ క్లాసులోనే అని ముందే చదువుకున్నాను.

అక్కడ తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన కారు చుట్టూ తిరిగి, టైరుకీ ఫెండరుకీ మధ్య నాలుగు వేళ్ళు పెట్టి చూశారు. రెండు వేళ్ళే దూరాయి. "ఈ స్ప్రింగులు కంపెనీవి కావు కదమ్మా" అన్న ధోరణిలో నెమ్మదిగా చెప్పారు. స్ట్రీట్ విభాగంలో స్ప్రింగులు మార్చడానికి లేదు. ట్యూన్ కుదరదు. గాలి ఫిల్టర్ మార్చుకోవచ్చు గానీ పైపు మార్చకూడదు. ఆ రూల్‌బుక్‌ని ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇదీ: చేయొచ్చు అని రాసి ఉంటేనే చేయాలి, రాయకపోతే చేయకూడదు. ఆ రోజు నన్ను పంపించేయలేదు. ఇంకా ఎక్కువ మార్పులు ఒప్పుకునే స్ట్రీట్ టూరింగ్‌లో నడిపించారు. ఆ క్లాసులో చివరి నుంచి రెండో స్థానం వచ్చింది.

ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించాను. పొట్టి స్ప్రింగులు ఉన్నందుకు నేను ఆ క్లాసులో పడ్డాను. మరి ఆ క్లాసులో మిగతావాళ్ళు? వెడల్పు చక్రాలు, చక్రం పైభాగాన్ని లోపలికి వంచే క్యాంబర్ ప్లేట్లు, రూలు ఒప్పుకున్న ప్రతి వస్తువూ పెట్టుకుని వచ్చారు. అక్కడ గెలవాలంటే అవన్నీ నేనూ కొనాలి. అదే కారు కంపెనీ స్ప్రింగుల మీద ఉంటే, నాలాంటి జీతగాళ్ళ కార్ల మధ్యే ఉంటాను. చెయ్యి తిరగడం ఒక్కటే తేడా అవుతుంది. క్లాసు రూల్స్ మీద నాకు గౌరవం కలిగింది ఆ రాత్రే. ఎక్కువ ఖర్చు పెట్టినవాడు గెలవకుండా అవి ఒక గీత గీస్తాయి.

ఇలాంటి కారునే పొట్టి స్ప్రింగులతో కిందికి దించుకుంటున్న ఒకబ్బాయి దగ్గర అసలు స్ప్రింగులు దొరికాయి. ట్యూన్ తీసేసి కంపెనీ ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాను. స్ప్రింగులు మార్చే రోజు మాత్రం ఫోన్‌ని టూల్ బాక్స్ మీద నిలబెట్టి నాన్నకి వీడియో కాల్ చేశాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లారీలు బాగుచేసిన మనిషి. వెనక షాకబ్జర్ కింది బోల్టు పెట్టి, కారు ఇంకా స్టాండ్ల మీద ఉండగానే బిగించబోయాను.

"ఆగమ్మా, ఆగు. చక్రం ఎక్కడుంది?"

"గాల్లో వేలాడుతోంది నాన్నా."

"మరి ఇప్పుడు బిగిస్తే లోపలి రబ్బరు బుష్షు ఈ పొజిషన్‌లోనే పట్టేసుకుంటుంది. బండి కిందికి దిగాక ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, ఆరు నెలల్లో చిరుగుతుంది. కింద జాకీ పెట్టి, నేలమీద ఎంత ఎత్తున ఉంటుందో అంతవరకు లేపి, అప్పుడు బిగించు."

అలాగే చేశాను. రెంచి టిక్కుమన్నప్పుడు ఆయన తల ఊపారు.

ఇక పెట్టించినవి. మొదటి డబ్బు టైర్లకే పెట్టండి. రూలు ప్రకారం, టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ నంబరు 200కి తగ్గకూడదు, ఆ నంబరు టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. సరిగ్గా 200 దగ్గర ఆగే టైర్లు రోడ్డుని బంకలా పట్టుకుంటాయి, అంతే తొందరగా అరుగుతాయి. అందుకే ఇంటి నుంచి మామూలు టైర్ల మీద వెళ్ళి అక్కడ మార్చుకుంటాను. చక్రం వెడల్పు కంపెనీది ఎంతో అంతే ఉండాలి, నా కారుకి 7 అంగుళాలు. వ్యాసం ఒక అంగుళం పెంచొచ్చు, తగ్గించొచ్చు. నేను 17 నుంచి 16కి దిగాను, చక్రం తేలికైంది.

తర్వాత యాంటీ రోల్ బార్, అంటే మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ. ముందుది గానీ వెనకది గానీ, ఒక్కటే మార్చుకోవడానికి అనుమతి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ముందు చక్రాలే లాగే కారుకి మలుపులో ముక్కు బయటికి పోతుంది. లోపలి వైపు ముందు టైరు తేలికైపోయి గిర్రున తిరుగుతుంది. వెనక బార్ గట్టిపడితే ఒరిగే బరువులో ఎక్కువ వాటా వెనక బయటి టైరు మోస్తుంది, ముందు లోపలి టైరుకి నేల దొరుకుతుంది. మలుపులో వెనక లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది, ఫొటోల్లో కుక్క కాలెత్తినట్టు ఉంటుంది. భయం లేదు, ఈ కారుకి అది మామూలే. అందుకని నేను వెనకది తీసుకున్నాను.

షాకబ్జర్లు మార్చుకోవచ్చు, బయట తిప్పే సర్దుబాట్లు రెండుకి మించకూడదు. నావి ఒక్క నాబ్ ఉన్నవి, చాలు. క్యాంబర్, అంటే చక్రం వంపు, విషయంలో ఫియెస్టా కొంచెం బాధపెడుతుంది. ముందు చక్రాలకి కంపెనీ సర్దుబాటే ఇవ్వలేదు. ఉన్న కాస్త సందులోనే సర్దుకోవాలి. ఇంకో మాట, ఈ రూల్‌బుక్ ఏటా మారుతుంది. కారు ముట్టుకునే ముందు ఆ ఏడాది ప్రతి తెరిచి చూడండి.

వచ్చేశాం. తనిఖీ అయింది. బ్యాటరీ కదలకుండా ఉందా, చక్రం నట్లు బిగువుగా ఉన్నాయా, కారులో వదులుగా ఏమీ లేవా అని చూస్తారు. దారంతా రెండుసార్లు నడిచాను. మొదటి హీట్‌లో, అంటే మొదటి జట్టు కార్లు నడిచే విడతలో, నా డ్యూటీ పడిపోయిన కోన్లు ఎత్తి నిలబెట్టడం. ఇక్కడ నడిపేవాళ్ళే పనీ చేయాలి.

ఇప్పుడు టైరు దగ్గరికి రండి, కెమెరా కిందికి పెడతాను. అంచు మీద చిన్న త్రికోణం గుర్తు కనిపిస్తోందా? రన్‌కి ముందు దానిమీదుగా సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాను. రన్ అయ్యాక చూడండి, ఎడమ ముందు టైరుకి సుద్ద త్రికోణం కిందివరకూ చెరిగిపోయింది. అంటే టైరు మడత పడి పక్కగోడ మీద నడుస్తోంది. 36 పీఎస్‌ఐ ఉన్న గాలిని 38 చేశాను. వెనక 40లోనే ఉంచాను. రెండో రన్‌కి సుద్ద సరిగ్గా త్రికోణం దగ్గర ఆగింది.

ఇక టైములు. మొదటి రన్ 64.9 సెకన్లు. రెండోది 63.2. మూడోది 62.1, కానీ చివరి స్లాలమ్‌లో, అంటే వరుస కోన్ల మధ్య వంకర్లు తిరిగే చోట, కోన్ పడింది, 64.1 అయింది. నాలుగోది 62.4, శుభ్రంగా. ఇప్పటికి మా క్లాసులో మూడో స్థానంలో ఉన్నాను! మా వారు పులిహోర డబ్బా పట్టుకునే గెంతారు.

ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు, విజయవాడలో రాత్రి పదిన్నర. నాన్న ఇంకా పడుకోలేదు.

"ఎక్కడ పోతోంది టైము?"

"ఆ పెద్ద యూ టర్న్‌లో నాన్నా. ముక్కు ఇంకా బయటికే పోతోంది."

"వెనక గాలి ఎంతుంది?"

"40."

"ఇంకా వెళ్ళేవి ఉన్నాయా?"

"రెండున్నాయి."

"అయితే వెనక రెండిటికీ ఇంకో రెండు పెట్టు. సుద్ద గియ్యడం మాత్రం మర్చిపోకు."

ఉండండి, పంపు తీస్తున్నాను.