వాచ్‌లో ఆల్టిమీటర్ ఉంది కదా, స్కైడైవింగ్‌కి అది చాలదా?

నమస్కారం అండీ. స్కైడైవింగ్ కోర్సులో చేరేవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్నతో మొదలుపెడదాం. "నా వాచ్‌లో ఆల్టిమీటర్ ఉంది. కొండలెక్కేటప్పుడు ఎత్తు చక్కగా చూపిస్తోంది. దీనికే బోలెడు డబ్బు పోశాను, మళ్ళీ ఇంకోటి కొనాలా?"

కొనాలి. లేదా అద్దెకు తీసుకోవాలి. ఎందుకో చెప్తాను, ఎందుకంటే చాలామంది చెప్పే కారణం తప్పు. వాచ్‌లో సెన్సర్ నాసిరకం అంటారు. అదేం కాదు. రెండూ కొలిచేది గాలి పీడనాన్నే. సముద్రమట్టం దగ్గర దాదాపు 27 అడుగులు పైకి వెళ్తే పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, దాన్నిబట్టి ఎత్తు లెక్కకడతాయి. తేడా ఎక్కడుందంటే, వాచ్ తయారుచేసినవాళ్ళు మీరు నడుస్తున్నారని అనుకున్నారు.

నడిచే మనిషి నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కగలడు? అందుకే చాలా వాచీలు కొన్ని సెకన్లకోసారి పీడనం చూస్తాయి. కాసేపయ్యాక బ్యాటరీ మిగల్చడానికి నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి చూసేవి కూడా ఉన్నాయి. పైగా గాలి విసురుకి అంకె అటూ ఇటూ గెంతకుండా వచ్చిన రీడింగులను సర్ది, సగటు తీసి చూపిస్తాయి. ట్రెక్కింగ్‌కి ఇది చాలా మంచి పద్ధతి.

ఇప్పుడు అదే వాచ్ పెట్టుకుని విమానంలోంచి దూకారనుకోండి. పొట్ట నేలవైపు పెట్టి పడేటప్పుడు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు, అంటే సెకనుకు 175 అడుగులు. వాచ్ ఐదు సెకన్లకోసారి చూస్తోందనుకుందాం. ఆ ఐదు సెకన్లలో మీరు దాదాపు 880 అడుగులు పడిపోయారు. వాచ్ మీద 3,000 అని ఉంది, మీరు మాత్రం 2,100 దగ్గర ఉండొచ్చు.

3,000 అని ఊరికే అనలేదు. అమెరికాలోని యునైటెడ్ స్టేట్స్ ప్యారాచూట్ అసోసియేషన్ నిబంధనల ప్రకారం విద్యార్థులు, మొదటి స్థాయి 'A' లైసెన్స్ ఉన్నవాళ్ళు 3,000 అడుగులు దాటి కిందికి రాకముందే ప్యారాచూట్ తెరవాలి. తెరుచుకున్నది సరిగ్గా లేకపోతే దాన్ని వదిలేసి రిజర్వ్, అంటే అదనంగా ఉండే రెండో ప్యారాచూట్, తెరవాలా వద్దా అన్నది 2,500 అడుగులకు దిగేలోపే తేల్చుకోవాలి. ఆ వాచ్‌ని నమ్ముకున్న మనిషి ప్యారాచూట్ తెరవబోయే సమయానికే ఆ నిర్ణయం తీసుకోవాల్సిన ఎత్తు దాటిపోయింది! ప్యారాచూట్ పూర్తిగా విచ్చుకోవడానికి ఇంకో కొన్ని వందల అడుగులు పోతాయి. 2,100 అడుగుల నుంచి ఆ వేగంతో నేల పన్నెండు సెకన్ల దూరంలో ఉంటుంది.

"మన దగ్గర రిజర్వ్‌ని దానంతటదే తెరిచే సైప్రస్ లాంటి ఆటోమేటిక్ పరికరం ఉంది కదా" అంటారు. ఉంది. అనుభవమున్నవాళ్ళు వాడే సైప్రస్ దాదాపు 750 అడుగుల దగ్గర, మీరింకా సెకనుకు 35 మీటర్లకు పైగా పడుతూ ఉంటేనే రిజర్వ్ తెరుస్తుంది. అది ఆఖరి దిక్కు. దాన్ని లెక్కలో వేసుకుని దూకకూడదు.

సరే, మీ వాచ్ సెకనుకోసారి కొలుస్తుంది అనుకుందాం. ఇంకో చిక్కుంది. వాచ్ మామూలుగా చూపించేది సముద్రమట్టం నుంచి ఎత్తు. మీకు కావాల్సింది దిగబోయే నేల నుంచి ఎత్తు. నేలమీద ఉన్నప్పుడే సున్నా చేసుకుంటాను అంటారా, కొన్ని స్మార్ట్‌వాచీలు జీపీఎస్ చూసుకుని ఎత్తును వాటంతటవే సవరించుకుంటాయి. ట్రెక్‌లో అది ఉపయోగమే. విమానంలో కూర్చున్నప్పుడు మీరు పెట్టిన సున్నా చెప్పాపెట్టకుండా మారితే మాత్రం ఎవరికి చెప్పుకుంటారు?

స్కైడైవింగ్ కోసమే చేసిన డిజిటల్ ఆల్టిమీటర్ ఇక్కడే తేలిపోతుంది. నేలమీద ఉన్నంతసేపూ వాతావరణం మార్పుల్ని గమనిస్తూ సున్నాని సరిచేసుకుంటుంది. విమానం పైకి లేవగానే పసిగట్టి ఆ సవరణ ఆపేస్తుంది. దూకారని, ప్యారాచూట్ తెరుచుకుందని కూడా అదే గుర్తిస్తుంది. మీరు ఏ బటనూ నొక్కక్కర్లేదు.

ఇక చూడటం సంగతి. మొహానికి గాలి కొడుతుంటే, చేతులు చాచి ఉన్నప్పుడు, మణికట్టు వైపు ఒక్క క్షణమే చూడగలరు. ముల్లున్న అనలాగ్ ఆల్టిమీటర్ అయితే గోడ గడియారంలో టైమ్ చూసినట్టే, అంకె చదవక్కర్లేదు, ముల్లు ఎటు తిరిగిందో కనిపిస్తే చాలు. కింది ఎత్తులకు ఎర్రరంగు కూడా ఉంటుంది. డిజిటల్ రకంలో పెద్ద పెద్ద అంకెలు. స్మార్ట్‌వాచ్ సంగతి వేరు. చెయ్యి తిప్పితేగానీ స్క్రీన్ వెలగనివి ఉన్నాయి, గ్లవ్స్‌తో టచ్ పనిచేయకపోవచ్చు, జంప్‌సూట్ చేతి కింద దాక్కుంటుంది. వీటన్నిటి మధ్య "మీ పార్సిల్ డెలివరీ అయింది" అని మెసేజ్ వస్తే ఎత్తు కనిపించదు, పార్సిల్ కనిపిస్తుంది.

నా మాట నమ్మకపోతే వాచ్ మాన్యువల్ తీయండి. ఎత్తు ఒక్కసారిగా మారే క్రీడలకు, స్కైడైవింగ్ పేరు చెప్పి మరీ, వాడొద్దని క్యాసియో రాస్తుంది. గార్మిన్ అయితే కొన్ని వాచీల్లో జంప్‌మాస్టర్ అనే మోడ్ ఇచ్చింది. ఆ మోడ్‌కే, అనుభవమున్న స్కైడైవర్లకు మాత్రమేనని, ప్రధాన ఆల్టిమీటర్‌గా వాడకూడదని హెచ్చరిక పెట్టింది. అమ్మేవాళ్ళే వద్దంటున్నప్పుడు మనం ఎందుకు వాదించాలి?

అలాగని ప్రత్యేక ఆల్టిమీటర్ తప్పే చెప్పదని కాదు. వీపు నేలవైపు పెట్టి పడేటప్పుడు మణికట్టు మీది ఆల్టిమీటర్ మీ ఒంటి వెనక ఏర్పడే తక్కువ పీడనపు గాలిలో పడిపోవచ్చు. అప్పుడు వెయ్యి అడుగుల దాకా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. ముల్లు ఇరుక్కుపోవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు. అందుకే హెల్మెట్‌లో పెట్టుకునే ఆడిబుల్ వాడతారు, ముందే పెట్టుకున్న ఎత్తుల దగ్గర అది చెవిలో బీప్ కొడుతుంది. అది కూడా తోడు మాత్రమే. కళ్ళతో నేలను చూసి ఎత్తు అంచనా వేయడం మొదటి జంప్ నుంచే అలవాటు చేసుకోవాలి.

మరి ఆ వాచ్‌ని ఏం చేయాలి? విమానం ఎక్కేటప్పుడు సరదాగా చూసుకోండి. ప్యారాచూట్ కింద సెకనుకు 15, 20 అడుగుల చొప్పునే దిగుతారు కాబట్టి అక్కడ కూడా మరీ వెనకబడదు. మీరు వెళ్ళిన దారిని రికార్డ్ చేసుకోవచ్చు. పెట్టుకుంటే మాత్రం రెండో చేతికి పెట్టుకుని, ఫ్రీఫాల్‌లో, అంటే ప్యారాచూట్ తెరవకముందు పడుతున్నప్పుడు, దానివైపు చూడకండి. రెండు అంకెలు రెండు రకాలుగా చెప్తుంటే, ఏది నిజమా అని ఆలోచించే ఒక్కో సెకనుకీ 175 అడుగులు పోతాయి.

అనలాగా, డిజిటలా అంటే, విద్యార్థిగా ఉన్నంతకాలం నా ఓటు అనలాగ్‌కే. కొంత అనుభవం వచ్చాక డిజిటల్‌కి మారండి. ల్యాండింగ్‌కి 1,000, 600, 300 అడుగుల దగ్గర మలుపులు తీసుకునేటప్పుడు ముల్లుకన్నా అంకె స్పష్టంగా ఉంటుంది. తొందరేం లేదు, కోర్సులో సాధారణంగా స్కూలు వాళ్ళే ఇస్తారు, రెండు రకాలూ వాడి చూశాకే కొనండి. సెకండ్ హ్యాండ్ అయితే విమానం ఎక్కుతున్నప్పుడు పక్కవాళ్ళ ఆల్టిమీటర్లతో పోల్చి చూడండి. దిగాక ముల్లు సున్నాకి తిరిగి వస్తోందో లేదో గమనించండి. రాకపోయినా, మధ్యలో ఆగి ఆగి కదిలినా, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.